రిజిస్టర్డ్ దస్తావేజు ఉన్నా ఇంజంక్షన్ పిటిషన్ కొట్టేశారు. జడ్జిలు ఐఏలు (మధ్యంతర పిటిషన్లు) ఏం చూసి తేలుస్తారు?

పొలంగట్టు | సోమవారం, రాత్రి 10:42

నమస్కారం అండి. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

మా నాన్న 2009లో ఎకరా 62 సెంట్లు కొన్నారు. రిజిస్టర్డ్ సేల్ డీడ్ ఉంది. తూర్పు పక్క రైతు నిరుడు దుక్కులప్పుడు గట్టు తెంచబోతే అడ్డుకున్నాం. అందులో 20 సెంట్లు తనదే అంటాడు. జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో శాశ్వత ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) కోసం దావా వేశాం, దాంతోపాటే టెంపరరీ ఇంజంక్షన్‌కి ఐఏ. మొదటి రోజే, అవతలివాళ్ళని వినకముందే, ఎక్స్‌పార్టీ ఆర్డర్ వచ్చింది. గెలిచేశామనుకుని నాన్న ఊళ్ళో పదిమందికీ చెప్పేశారు కూడా.

తర్వాత వాళ్ళు కౌంటర్ వేశారు, వాదనలు అయ్యాయి, పోయిన గురువారం ఆర్డర్ చెప్పారు. పిటిషన్ డిస్మిస్, ముందిచ్చిన ఆర్డర్ వెకేట్ (రద్దు). ప్రైమా ఫేసీ కేసు, అంటే పైపైన చూస్తే కనిపించే పస, లేదట. రిజిస్ట్రేషన్ కాగితం చేతిలో ఉంటే ఇంకేం కేసు కావాలి? ఒక్క సాక్షిని పిలవలేదు, నాన్నని ఒక్క ముక్క అడగలేదు. అది చాలదన్నట్టు, మా దావానే తిప్పికొట్టమని వాళ్ళు సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 7 రూల్ 11 కింద ఇంకో పిటిషన్ వేశారు.

నాన్నకి అన్నం సహించడం లేదు. అసలు జడ్జిలు ఈ పిటిషన్లు ఎలా తేలుస్తారో తెలిసినవాళ్ళు చెప్పండి.

అప్పీలు_అప్పారావు | సోమవారం, రాత్రి 10:58

ఇందులో తెలుసుకోవడానికి ఏముంది తమ్ముడూ. అవతలివాడు గట్టిగా ముట్టజెప్పి ఉంటాడు. పై కోర్టుకి పో.

మాజీ_బెంచ్‌క్లర్క్ | మంగళవారం, ఉదయం 6:15

అప్పారావు గారూ, ఆర్డర్ చదవకుండానే ఆ మాట అనేశారు. సివిల్ కోర్టులో బెంచ్ దగ్గర 27 ఏళ్ళు కూర్చున్నాను. ఓడిన ప్రతివాడూ అనే మాటే అది. గెలిచినవాడు మాత్రం న్యాయం గెలిచింది అంటాడు.

పొలంగట్టు బాబూ, నేను చూసింది చెప్తాను. ఒక మేడంగారి దగ్గర నాలుగేళ్ళు చేశాను. ఇంజంక్షన్ కట్ట చేతికి ఇస్తే ఆవిడ మొదటి పేజీ చదివేవారు కాదు. చివరికి వెళ్ళి ప్రేయర్ (కోర్టుని ఏం కోరుతున్నారో) చదివేవారు, తర్వాత షెడ్యూల్ (ఆస్తి వివరాలు). షెడ్యూల్‌లో నాలుగు హద్దులు ఉంటాయి కదా, పక్కన దస్తావేజు తెరిచి పెట్టుకుని ఒక్కో హద్దు దగ్గర పెన్సిల్‌తో టిక్కు పెట్టుకునేవారు. తూర్పు కలిసిందా, టిక్కు. పడమర కలవలేదా, చిన్న ఇంటూ. సర్వే నంబరు, విస్తీర్ణం కూడా అంతే. ఆ తర్వాత అడంగల్ (ఏ ఏడు ఎవరు సాగు చేశారో రాసే రెవెన్యూ రికార్డు) కాపీలు తీసి ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఉన్నాయో వేళ్ళతో లెక్కపెట్టేవారు. ఇదంతా పది నిమిషాల పని. వకీలుగారు లేచి అరగంట మాట్లాడినా ఆ పెన్సిల్ గుర్తుల చుట్టూనే ప్రశ్నలు వేసేవారు. రెండు మూడు ఇంటూలు పడిన కట్టకి ఆర్డర్ దొరికింది అరుదు.

నీ ఆర్డర్‌లో హద్దుల గురించి ఏమైనా రాశారా? అది చెప్పు ముందు.

నల్లకోటు | మంగళవారం, ఉదయం 9:05

కోర్టుకి వెళ్ళేలోపు కొంత రాస్తాను. 14 ఏళ్ళుగా సివిల్ సైడే చేస్తున్నాను. ఫైలు చూడకుండా మీ కేసు మీద తీర్పు చెప్పను, పద్ధతి మాత్రం చెప్తాను.

పొలంగట్టు గారూ, "పొలం ఎవరిది?" అని జడ్జిని అడిగామని మీరు అనుకుంటున్నారు. ఐఏలో ఆ ప్రశ్న లేదు. అక్కడ ఉన్నది ఒకటే: దావా తేలేదాకా, అంటే ఇంకో నాలుగైదేళ్ళు, పరిస్థితిని ఎలా ఉంచాలి? హక్కు తేలేది ట్రయల్లో. సాక్షులు, క్రాస్ ఎగ్జామినేషన్ అన్నీ అప్పుడే. ఐఏ మామూలుగా అఫిడవిట్లూ కాగితాల మీదే నడుస్తుంది. నాన్నగారిని పిలవలేదంటే అవమానించినట్టు కాదు, ఆ దశలో పిలవరు. కాగితాలకి కూడా అందుకే వేరే గుర్తులు. ఐఏలో పిటిషనర్‌వి పి-1, పి-2 అని, రెస్పాండెంట్‌వి ఆర్-1, ఆర్-2 అని మార్క్ చేస్తారు. అదే సేల్ డీడ్ ట్రయల్లో మళ్ళీ ఎ-1 అవుతుంది. అంటే మళ్ళీ మొదటి నుంచి రుజువు చేయాల్సిందే.

ఆర్డర్ 39 కింద జడ్జి మూడు విషయాలు చూస్తారు. పైపైన చూస్తేనే కేసులో పస కనిపిస్తోందా, ఆర్డర్ ఇస్తే ఎవరికి ఎక్కువ ఇబ్బంది, ఇవ్వకపోతే తర్వాత డబ్బుతో పూడ్చలేని నష్టం జరుగుతుందా. మూడూ ఉండాలి. ప్రైమా ఫేసీ కేసు అంటే హక్కు రుజువైపోయిందని అర్థం కాదని, ట్రయల్లో తేల్చాల్సిన నిజమైన వివాదం ఉందని చూపించడమేనని దల్పత్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే పొలం విషయంలో దీనికి ఇంకో మెలిక ఉంది. ఇంజంక్షన్ దావాలో ముఖ్యం స్వాధీనం, అదీ దావా వేసిన రోజు నాటికి. సేల్ డీడ్ 2009లో మీరు కొన్నారని చెప్తుంది. నిరుడు దుక్కి ఎవరు దున్నారో అది చెప్పదు.

ఇక మొదటి రోజు వచ్చిన ఆర్డర్. అది గెలుపు కాదండీ. ఆ రోజు జడ్జి ముందు ఉన్నది మీ కాగితాలే. ఇంజంక్షన్ ఇచ్చే ముందు అవతలివాళ్ళకి నోటీసు ఇవ్వాలన్నది అసలు రూలు. ఆ ఆలస్యంతో అడిగిన పనే చెడిపోతుంది అనిపిస్తేనే, కారణాలు రాసి, నోటీసు లేకుండా ఇస్తారు. అలా ఇచ్చినప్పుడు 30 రోజుల్లో ఐఏ తేల్చడానికి ప్రయత్నించాలని రూల్ 3ఎ అంటుంది. ఆచరణలో ఎన్ని వాయిదాలు పడతాయో మీకే తెలుసు. ఎక్స్‌పార్టీ ఆర్డర్ చూసి స్వీట్లు పంచొద్దని నా క్లయింట్లకి ముందే చెప్తాను. ఎవరూ వినరు.

ఉత్తరపు_గోడ | మంగళవారం, ఉదయం 9:40

మేం స్వీట్లే కాదు, భోజనాలే పెట్టాం. మూడు నెలల తర్వాత వెకేట్ అయింది. అదే చుట్టాలు మళ్ళీ వచ్చి పరామర్శించి వెళ్ళారు.

పొలంగట్టు | మంగళవారం, రాత్రి 9:20

క్లర్క్ గారూ, మీరు అడిగింది చూశాను. సర్టిఫైడ్ కాపీ ఇంకా రాలేదు, ఆన్‌లైన్‌లో ఆర్డర్ అప్‌లోడ్ అయితే ప్రింట్ తీశాను. మొత్తం 9 పేజీలు. హద్దుల గురించి ఉంది.

సేల్ డీడ్‌లో తూర్పు హద్దు "పోరంబోకు దారి" అని ఉందట. మా ప్లెయింట్ (దావా పత్రం) షెడ్యూల్‌లో "ప్రతివాది భూమి" అని రాశారు. దారి ఎక్కడికి పోయిందో మేం చెప్పలేదు అని రాశారు. మేం వేసిన అడంగల్ కాపీలు 2015 దాకానే ఉన్నాయట. వాళ్ళు మాత్రం మొన్నటిదాకా అడంగల్, ఈ-క్రాప్ నమోదు కాగితాలు వేశారు. మా వైపు ఇద్దరు రైతులు అఫిడవిట్లు ఇచ్చారు, వాళ్ళ వైపు ముగ్గురు. "ఇరుపక్షాల థర్డ్ పార్టీ అఫిడవిట్ల మీద ఈ దశలో ఆధారపడలేము" అని ఒక్క లైన్లో తేల్చేశారు.

నిజం చెప్పాలంటే దారి సంగతి నాకూ తెలియదు. నాన్నని అడిగితే, అది ఎప్పుడో దున్నేశారు, అందరూ తలో కాస్త కలిపేసుకున్నారు అన్నారు.

మాజీ_బెంచ్‌క్లర్క్ | బుధవారం, ఉదయం 6:02

అదిగో. తూర్పు దగ్గర ఇంటూ పడింది. పేచీ కూడా తూర్పునే.

అఫిడవిట్ల సంగతి అంతే బాబూ. నీకు ఇద్దరు, వాడికి ముగ్గురు. రేపు నువ్వు నలుగురిని తెస్తావు. తలలు లెక్కపెట్టి ఇచ్చే ఆర్డర్ కాదు కదా. ప్రభుత్వ రికార్డు అయితే గొడవ మొదలవకముందే ఎవడో ఉద్యోగి రాసుకున్నది, అందుకే దానికి ఆ బరువు. అందులోనూ తప్పులు ఉంటాయి, కాదనను. కానీ తప్పని చూపించాల్సింది ట్రయల్లో.

శ్రావణి_ఎల్ఎల్‌బి | బుధవారం, ఉదయం 11:30

అన్నా, ఆర్డర్ 7 రూల్ 11 గురించి నేను చెప్పనా? లా ఫైనల్ ఇయర్, నిన్ననే మూట్ కోర్టులో ఇదే వాదించాను.

ఈ పిటిషన్ తేల్చేటప్పుడు జడ్జి మీ ప్లెయింట్, దానికి జతచేసిన కాగితాలు మాత్రమే చూడాలి. ప్రతివాది తన స్టేట్‌మెంట్‌లో ఏం చెప్పుకున్నా అటు చూడకూడదు. మీరు రాసిందంతా నిజమే అనుకున్నా కూడా దావాకి కారణం కనిపించకపోతే, లేదా చట్టమే అడ్డుపడుతుంటే (లిమిటేషన్, అంటే దావా వేసే గడువు, లాంటివి), విలువ తక్కువ కట్టి కోర్టు చెప్పినా సరిచేయకపోతే, అప్పుడు ప్లెయింట్ తిరస్కరిస్తారు. 1977లో అరివందందం కేసులో జస్టిస్ కృష్ణ అయ్యర్ దీని గురించే రాశారు. తెలివైన డ్రాఫ్టింగ్‌తో కేసు ఉన్నట్టు భ్రమ కల్పిస్తే మొదటి హియరింగ్‌లోనే తుంచేయాలి అన్నారు. అంటే ఐఏలో గెలిచినవాళ్ళకి ఇది వేరే ఆట. ఇక్కడ వాళ్ళ ఈ-క్రాప్ కాగితాలు పనికిరావు.

ఒకవేళ తిరస్కరిస్తే మాత్రం మీ కేసు అయిపోయినట్టే అన్నా, జాగ్రత్త.

నల్లకోటు | బుధవారం, సాయంత్రం 6:45

శ్రావణీ, బాగా చెప్పావమ్మా, చివరి వాక్యం తప్ప. ప్లెయింట్ తిరస్కరిస్తే అది డిక్రీ కింద లెక్క, దాని మీద రెగ్యులర్ అప్పీలు ఉంది. పైగా అదే కారణం మీద కొత్త దావా వేసుకోవడానికి రూల్ 13 ఒప్పుకుంటుంది, లిమిటేషన్ మిగిలి ఉంటే. పిటిషన్ కొట్టేస్తే మాత్రం ప్రతివాదికి అప్పీలు లేదు, హైకోర్టులో రివిజన్ వేసుకోవాలి.

పొలంగట్టు గారి ప్లెయింట్‌లో గట్టు తెంచబోయిన రోజు, అడ్డుకున్న సంగతి ఉన్నాయి కాబట్టి కారణం లేదనడం కష్టం. ఆ పిటిషన్ గురించి నాకు పెద్ద బెంగ లేదు. వాయిదాలు తినడానికి వేసినట్టుంది.

డాలస్_డైరీ | బుధవారం, రాత్రి 11:50

ఇక్కడ అమెరికాలో ఒక కాంట్రాక్టు గొడవలో ఇరుక్కుని ఈ తంతు చూశాను. శ్రావణి గారు చెప్పినట్టే ఇక్కడ మోషన్ టు డిస్మిస్ ఉంటుంది, ఫెడరల్ రూల్ 12(బి)(6). ఫిర్యాదులో రాసిన వాస్తవాలు నిజమేననుకుని చూస్తారు, కాకపోతే ఉత్తి ఆరోపణలు సరిపోవు, నమ్మదగినట్టు ఉండాలి అని 2007, 2009ల్లో వచ్చిన ట్వాంబ్లీ, ఇక్బాల్ తీర్పుల తర్వాత గట్టిగా పట్టుకుంటున్నారు. అది దాటితే డిస్కవరీ, అంటే ఇరుపక్షాలూ ఆధారాలు ఒకరికొకరు ఇచ్చుకోవడం. ఈమెయిల్స్, డిపోజిషన్లు, లాయర్ బిల్లు చూస్తే గుండె ఆగుతుంది. ఆ తర్వాత సమ్మరీ జడ్జిమెంట్, రూల్ 56. ముఖ్యమైన వాస్తవం మీద అసలైన వివాదం లేకపోతే ట్రయల్ లేకుండానే తీర్పు. ఎక్కువ కేసులు జ్యూరీ మొహం చూడకుండానే పోతాయి, మోషన్‌లో ఓడో, రాజీ పడో. మాది కూడా రాజీయే.

మన దగ్గర సమ్మరీ జడ్జిమెంట్ ఎందుకు లేదు? కాగితాలు చూసి నాలుగు నెలల్లో తేల్చేయొచ్చు కదా.

నల్లకోటు | గురువారం, ఉదయం 8:50

ఉంది, అందరికీ కాదు. 2015 కమర్షియల్ కోర్టుల చట్టంతో ఆర్డర్ 13ఎ వచ్చింది, వాణిజ్య వివాదాలకి మాత్రమే. ప్రామిసరీ నోటు లాంటివాటికి ఆర్డర్ 37 ఉంది, అక్కడ వాదించుకోవడానికి కూడా ప్రతివాది కోర్టు అనుమతి అడగాలి. అవతలివాడు తనంతట తానే ఒప్పుకున్న విషయం ఉంటే ఆర్డర్ 12 రూల్ 6 కింద దాని మేరకు తీర్పు అడగొచ్చు. పొలం గట్టు కేసుకి ఇవేవీ అతకవు. ఇక్కడ ప్రతి వాస్తవం మీదా వివాదమే.

అప్పీలు_అప్పారావు | గురువారం, ఉదయం 9:15

సరే, లంచం మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ అన్ని ఆర్డర్లూ ఇంత ముద్దుగా 9 పేజీలు ఉంటాయా? మా బావమరిదికి వచ్చింది నాలుగు లైన్లు. "విన్నాం, చూశాం, ప్రైమా ఫేసీ కేసు లేదు, డిస్మిస్." దాన్నేమంటారు?

మాజీ_బెంచ్‌క్లర్క్ | గురువారం, మధ్యాహ్నం 2:10

దాన్ని తప్పే అంటాను. కాల్ వర్క్‌కే (వరసగా కేసులు పిలవడానికే) 11:30 అవుతుంది, డయాస్ మీద 80 కేసుల లిస్టు, మధ్యలో సాక్షులు, సాయంత్రం ఆర్డర్లు డిక్టేట్ చేయాలి. పని ఒత్తిడి నిజం. అయినా ఏ కాగితం చూశారు, ఎందుకు నమ్మలేదు అన్నది రాయని ఆర్డర్ పై కోర్టులో నిలబడదు, వెనక్కి పంపుతారు. మీ బావమరిది అప్పీలుకి వెళ్ళాల్సింది.

ఈ బాబు ఆర్డర్ అలాంటిది కాదు.

ఉత్తరపు_గోడ | గురువారం, రాత్రి 8:30

పొలంగట్టు అన్నా, అడ్వకేట్ కమిషనర్‌ని వేయించుకోమని ఎవరూ చెప్పలేదా? మేం వేయించాం. ఆర్డర్ 26 రూల్ 9. కోర్టు ఒక కుర్ర లాయరుని నియమించింది, ఫీజు మేమే డిపాజిట్ చేశాం. ఆయన ఆదివారం వచ్చారు, సర్వేయర్ గొలుసుతో సహా. రెండు వైపుల లాయర్లూ చెరో వర్క్ మెమో ఇచ్చారు, ఇది కొలవండి, అది నోట్ చేయండి అని. గోడ ఎత్తు, పొడవు, పాత సున్నం, కొత్త సిమెంటు ఎక్కడ కలిసిందో అన్నీ రాసుకున్నారు. పక్కింటివాళ్ళ కుక్క వెంటపడితే ఆ సంగతి రిపోర్టులో రాయలేదు, అదొక్కటే అన్యాయం.

రిపోర్టు సి-1 అని మార్క్ అయింది. పటం మాకే అనుకూలంగా ఉంది. కానీ "స్వాధీనం ఎవరిదో కమిషనర్ తేల్చలేరు" అని ఆర్డర్‌లో రాశారు. అదేం లాజిక్కో ఇప్పటికీ అర్థం కాలేదు.

నల్లకోటు | గురువారం, రాత్రి 9:10

లాజిక్కు ఉందండీ. కమిషనర్ చూసేది ఆ ఆదివారం అక్కడ ఉన్న భౌతిక స్థితిని. ఏడాది పొడుగునా ఎవరు సాగు చేశారో ఆయనకేం తెలుసు? అడిగితే ఊళ్ళోవాళ్ళు చెప్పింది రాసుకోవాలి, అది సాక్ష్యం సేకరించడం అవుతుంది. సాక్ష్యం తెచ్చుకోవాల్సింది పార్టీలు. అందుకే కమిషన్‌ని కొలతలకి, గుర్తులకి పంపుతారు. పొలంగట్టు గారి కేసులో ఇది పనికొస్తుంది, ఎందుకంటే ఇక్కడ అసలు పేచీ ఆ 20 సెంట్లు ఏ సర్వే నంబరులో పడుతుందన్నది. పాత దారి ఎఫ్ఎంబీలో (సర్వే కొలతల పుస్తకంలో) ఎక్కడుందో సర్వేయర్ చూపించగలడు. కానీ దానికన్నా ముందు ఒకటి అడుగుతాను.

ఆర్డర్‌లో ఇంకేమైనా కాగితం గురించి ఉందా? ఆర్ సిరీస్‌లో అన్నీ చెప్పండి. ఒక్కటీ వదలకండి.

పొలంగట్టు | శుక్రవారం, రాత్రి 10:05

చెప్తాను సార్. ఇది మొదటే చెప్పాల్సింది, నాకే నిన్న రాత్రి దాకా తెలియదు.

14వ పేరాలో ఉంది. ఆర్-4 అని ఒక లీగల్ నోటీసు, ఆర్-5 పోస్టల్ అక్నాలెడ్జ్‌మెంట్. దావాకి చాలా ముందే అవతలి ఆయన లాయర్ చేత నాన్నకి నోటీసు పంపించాడట. ఆ 20 సెంట్లు తమ తాతల పంపకంలో తమకి వచ్చిందని, మాకు అమ్మినవాళ్ళకి దాని మీద హక్కే లేదని. అక్నాలెడ్జ్‌మెంట్ మీద నాన్న సంతకం ఉంది. "పిటిషనర్ ఈ నోటీసు అందుకుని కూడా జవాబివ్వలేదు, ప్లెయింట్‌లో గానీ అఫిడవిట్‌లో గానీ ప్రస్తావించలేదు" అని రాశారు.

నాన్నని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికెళ్ళి ట్రంకు పెట్టెలోంచి కవరు తెచ్చి నా చేతిలో పెట్టారు. లాయర్ నోటీసు వచ్చిందంటే పరువు పోతుందని అమ్మకి కూడా చెప్పలేదట. మా లాయర్‌కీ చెప్పలేదు. బెదిరించడానికి పంపాడులే అనుకున్నారట.

అప్పీలు_అప్పారావు | శుక్రవారం, రాత్రి 10:20

మా నాన్న అయినా అదే చేసేవాడు. ఏమీ అనకు ఆయన్ని.

నల్లకోటు | శుక్రవారం, రాత్రి 10:48

ఇప్పుడు కేసు అర్థమైంది.

రెండు దెబ్బలు తగిలాయి. ఒకటి, ఇంజంక్షన్ ఈక్విటీ (ధర్మం) మీద ఇచ్చేది. ఉన్నది దాచి అడిగారని జడ్జికి అనిపిస్తే మిగతా కాగితాలు బాగున్నా మనసు ఒప్పదు. కావాలని దాచలేదని మనకి తెలుసు. కాగితం మీద మాత్రం దాచినట్టే ఉంటుంది.

రెండోది ఇంకా పెద్దది. 2008లో అనాతుల సుధాకర్ కేసని సుప్రీంకోర్టు తీర్పు ఉంది, వరంగల్ స్థలం గొడవ. మన రెండు రాష్ట్రాల్లో ఏ సివిల్ కోర్టుకి వెళ్ళినా రోజుకొకసారి వినిపిస్తుంది. సారాంశం ఇది: హక్కు మీద అసలు తగాదా లేకుండా ఎవడో వచ్చి అడ్డుపడుతుంటే ఉత్త ఇంజంక్షన్ దావా చాలు. కానీ అవతలివాడు హక్కు నాదే అని గట్టిగా ముందుకొచ్చి, మీ టైటిల్ మీద మబ్బు కమ్మితే, టైటిల్ డిక్లరేషన్ (హక్కు మీదేనని కోర్టు ప్రకటన) కూడా అడగాలి. స్వాధీనం కూడా పోయి ఉంటే డిక్లరేషన్, స్వాధీనం రెండూ అడగాలి. మీ దగ్గర ఆ మబ్బు రిజిస్టర్డ్ పోస్టులో వచ్చింది. అయినా దావా ఉత్త ఇంజంక్షన్‌కే వేశారు.

అప్పీలుకి వెళ్ళొచ్చు, సీఎంఏ (ఇలాంటి ఆర్డర్ల మీద వేసే అప్పీలు) వేయడానికి మీకు 30 రోజులు. సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెట్టిన రోజు నుంచి కాపీ రెడీ అయిన రోజు దాకా ఆ లెక్కలోంచి తీసేస్తారు. కానీ కింది కోర్టు విచక్షణతో ఇచ్చిన ఆర్డర్ మీద, తానైతే వేరేలా చెప్పేదాన్నని పై కోర్టు వేలు పెట్టదు. ఏకపక్షంగానో, తలాతోకా లేకుండానో ఉంటేనే జోక్యం, ఇది 1990 వాండర్ కేసు నుంచి స్థిరపడిన మాట. మీ 9 పేజీల ఆర్డర్‌ని తిప్పడం కష్టం.

నేనైతే ఆర్డర్ 6 రూల్ 17 కింద సవరణ పిటిషన్ ముందు వేస్తాను. నోటీసు సంగతి ఒప్పుకుని రాసి, డిక్లరేషన్ చేర్చి, షెడ్యూల్‌లో తూర్పు హద్దు వివరించి. ట్రయల్ మొదలుకాలేదు కాబట్టి కోర్టులు ఉదారంగానే చూస్తాయి. మొదలైతే, ఎంత శ్రద్ధగా ఉన్నా ముందే తేలేకపోయాం అని నిరూపించాలి, అది నరకం. డిక్లరేషన్ చేరిస్తే కోర్టు ఫీజు పెరుగుతుంది, మార్కెట్ విలువలో సగం మీద కట్టాలి. ఆ విలువ ఈ కోర్టు పరిధి దాటితే ప్లెయింట్ పై కోర్టుకి మారుతుంది, కంగారుపడొద్దు.

ఒక్క ప్రశ్న. నోటీసు ఏ తేదీన అందింది? డిక్లరేషన్ అడగడానికి లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 58 కింద మూడేళ్ళే. హక్కుని కాదన్న మొదటి రోజు నుంచి లెక్క. కవరు మీద పోస్టల్ ముద్ర చూడండి, ఇప్పుడే.

పొలంగట్టు | శుక్రవారం, రాత్రి 11:02

చూశాను సార్. అక్నాలెడ్జ్‌మెంట్ తేదీ కూడా ఆర్డర్‌లో ఉంది, రెండూ ఒకటే.

ఇంకా 41 రోజులు ఉంది.

నల్లకోటు | శుక్రవారం, రాత్రి 11:04

సోమవారం పొద్దున్నే మీ లాయర్ దగ్గర ఉండండి. కవరు, నోటీసు, ఆర్డర్ ప్రింటు, సేల్ డీడ్, 2015 తర్వాతి అడంగల్ కాపీలు, శిస్తు రసీదులు, పంట లోన్ కాగితం ఉంటే అదీ. నాన్నగారిని తీసుకెళ్ళండి. సీఎంఏ గురించి ఆయన ఏం చెప్తే అది చేయండి, సవరణ మాత్రం దాని కోసం ఆపొద్దు.

శ్రావణి_ఎల్ఎల్‌బి | శనివారం, ఉదయం 7:30

సార్, చిన్న డౌట్. సవరణ ఒప్పుకుంటే అది దావా వేసిన తేదీ నుంచే ఉన్నట్టు లెక్క కదా? దావా నిరుడే వేశారు. మరి 41 రోజుల టెన్షన్ ఎందుకు?

నల్లకోటు | శనివారం, ఉదయం 8:15

మామూలుగా అంతేనమ్మా. కానీ ప్రతిసారీ కాదు, సవరణ ఏ తేదీ నుంచి వర్తించాలో కోర్టు వేరేగా చెప్పొచ్చు. గడువు దాటాక అడిగితే అవతలివాళ్ళకి వచ్చిన హక్కు పోతుందని అభ్యంతరం పెడతారు, దాని మీదే రెండేళ్ళు కొట్టుకోవాలి. గడువులోపల పిటిషన్ పడితే ఆ వాదనే పుట్టదు. లేని గొడవని ఎందుకు పెట్టుకోవడం?

మాజీ_బెంచ్‌క్లర్క్ | శనివారం, ఉదయం 9:00

బాబూ, ఒకటి గుర్తుపెట్టుకో. పిటిషన్ ఫైల్ చేయగానే పని అయిపోయిందనుకోకు. కోర్టు ఆఫీసు సెక్షన్‌లో పరిశీలించి, వెరిఫికేషన్ లేదనో, ఫీజు తక్కువనో అభ్యంతరం రాసి తిప్పి పంపుతారు. తిరిగి వేయడానికి ఇచ్చిన గడువు దాటితే దానికి మళ్ళీ ఇంకో పిటిషన్. నంబరు పడిందాకా రోజు విడిచి రోజు మీ లాయర్ గుమస్తాకి ఫోన్ చేయి. విసుక్కున్నా చేయి. విసుక్కుంటేనే పని జరుగుతుంది.

పొలంగట్టు | 12 రోజుల తర్వాత, రాత్రి 9:35

అందరికీ చెప్పాలని వచ్చాను. మా లాయర్ మొదట కోప్పడ్డారు, నోటీసు దాచినందుకు. నాన్న తలొంచుకుని కూర్చున్నారు. తర్వాత ఆయనే టీ తెప్పించారు. సవరణ పిటిషన్ వేశారు. ఒకసారి రిటర్న్ అయింది, షెడ్యూల్‌లో ఎకరాలూ హెక్టార్లూ రెండూ రాయలేదని. మళ్ళీ వేశాం. ఇవాళ ఐఏ నంబరు పడింది. నోటీసుకి బత్తా (పంపే ఖర్చు) కట్టాం, 22కి కౌంటర్ కోసం పోస్టు చేశారు. సీఎంఏ కూడా వేస్తున్నారు, ఆశ పెట్టుకోవద్దు అన్నారు.

2015 నుంచి మొన్నటిదాకా అడంగల్ కాపీలు తీశాను. నాలుగేళ్ళు మా పేరే ఉంది, తర్వాత రెండేళ్ళు ఖాళీ, ఆపై ఆయన పేరు. ఆ ఖాళీ రెండేళ్ళూ నాన్న ఆపరేషన్ అయి మంచంలో ఉన్నారు. ఆ హాస్పిటల్ కాగితాలు కూడా ఫైల్లో పెట్టించాను.

నల్లకోటు | 12 రోజుల తర్వాత, రాత్రి 9:50

ఆ ఖాళీ సంగతి మంచి పట్టు. చీఫ్ అఫిడవిట్‌లో (ట్రయల్లో ఇచ్చే సాక్ష్యంలో) తప్పకుండా రాయించండి. 22న వాళ్ళు ఇంకో వాయిదా అడుగుతారు, కంగారుపడొద్దు.

ఉత్తరపు_గోడ | 12 రోజుల తర్వాత, రాత్రి 10:15

22వ తేదీయే మా గోడ కేసు కూడా. తొమ్మిదో ఏడు. మీది ఏ కోర్టో చెబితే క్యాంటీన్‌లో కలుద్దాం.